‘యిసూ నే కహా’: ఉర్దూ వరుసకు ఒదిగిన ఇంగ్లీషు

భారతీయ భాషల నుంచి ఇంగ్లీషు ఆరాధన గీతాలలోకి చేరిన కొద్దిపాటి పాటల్లో ‘యిసూ నే కహా’ అనే ఉర్దూ గీతం ఒకటి. దానిని డెర్మాట్ మోనహాన్ (1906–1957) ఇంగ్లీషులోకి అనువదించగా, బ్రిటిష్ మెథడిస్టుల పాటల పుస్తకం ‘హిమ్స్ అండ్ సామ్స్’ (1983) దానికి చోటిచ్చింది. అనువాదకుడి పేరు నిలిచింది గానీ మూలకర్త పేరు నిలవలేదు. పాటల పుస్తకాలు దానిని అజ్ఞాతకర్తృకంగానే ముద్రిస్తాయి.

‘యిసూ నే కహా’ అంటే ‘యేసు అన్నాడు’ అని అర్థం. తెలుగు చెవికి ‘నేను’ అన్నట్టు తోచే ‘నే’, నిజానికి ఉర్దూ భూతకాల వాక్యంలో కర్తకు చేరే ప్రత్యయం. ఉర్దూలో ముస్లింలు యేసును ఖురాను సంప్రదాయాన్ని బట్టి ‘ఈసా’ అంటారు, క్రైస్తవులు ‘యిసూ’ అంటారు కనుక, మొదటి మాటతోనే పాట ఎవరి నోట పుట్టిందో తెలిసిపోతుంది.

యోహాను సువార్తలో యేసు తనను గురించి చెప్పుకొన్న ఏడు ‘నేనే’ వాక్యాల నుంచి ఈ పాట ఆహారం, ద్వారం, వెలుగు, మంచి కాపరి, పునరుత్థానం అనే ఐదింటిని చరణానికొకటిగా తీసుకొని, ద్రాక్షావల్లి వంటి మిగతావాటికి వేరే చరణం ఇవ్వలేదు. ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ పాడించే దీని నిర్మాణం, పుస్తకం చదవలేనివారికి సైతం పాఠం నోటికి రావడానికి అనువైనది. ద్వారాన్ని గురించిన చరణంలో ఇంగ్లీషు పాఠం దానిని పేదల ద్వారమంటుంది; యోహాను పదో అధ్యాయంలో పేదల ప్రస్తావన లేదు, అయినా పాటలో అన్నిటికన్నా గట్టిగా వినిపించేది ఆ మాటే.

అనువాదకుడి నేర్పు వాక్యాంతంలో ఉంది. ఉర్దూ వాక్యంలో ‘హూఁ’ అనే క్రియ సహజంగా చివర నిలుస్తుంది. ఇంగ్లీషులో మాత్రం కర్త, క్రియ ముందే రావాలి. మోనహాన్ ఆ క్రమాన్ని తలకిందులు చేసి, ప్రతి చరణంలోనూ పునరుక్తమయ్యే వాక్యం చివర ‘ఆమ్ ఐ’ అని నిలిపాడు. ఇది ఇంగ్లీషు వాడుకకు కొంత ఎదురీతే అయినా, ‘నేనే’ అన్న మాటను వాక్యం చివర వినడానికి అలవాటుపడిన తెలుగు బైబిలు పాఠకుడికి ఆ ఎత్తుగడలో వింతేమీ కనిపించదు.

ఇంగ్లీషు సంకలనాలలో పాఠానికీ బాణీకీ వేర్వేరు పేర్లుంటాయి. మాటలు ఇంగ్లీషులోకి మారినా, ఈ గీతపు బాణీ పేరు ఇప్పటికీ ‘యిసూ నే కహా’ అనే ఉంది.