వాల్వు రేడియో ఎవరింట్ల మోగింది?

వాల్వు అంటే మన రైతులకు బోరు పైపు మీది వాల్వే యాదికొస్తది. పాత రేడియోల లోపల ఎర్రగ వెలిగే గాజు బుడ్లను కూడా వాల్వులే అంటరు. ఆ పేరు ఊరికే రాలేదు.

1904లో ఇంగ్లండుకు చెందిన ఫ్లెమింగ్, గాలి తీసేసిన గాజు బుడ్డిల కరెంటును ఒక్క దిక్కే పోయేటట్టు చేసిండు. మన ఫుట్ వాల్వు నీళ్లను కిందికి జారనియ్యనట్టే. రెండు మూడేండ్లకు అమెరికాల లీ డి ఫారెస్ట్ దాని నడుమ ఒక జాలీ పెట్టిండు. గేట్ వాల్వు కొంచెం తిప్పితే పెద్ద ధార మారుతది గదా, అట్లనే ఆ జాలీకి సన్నని సిగ్నల్ ఇస్తే పెద్ద కరెంటు దాని వెంట ఆడుతది. సన్న గొంతు ఇల్లంతా వినబడేది ఈ కిటుకుతోనే.

ఇగ మన హైదరాబాద్ సంగతి. నిజాం సర్కారు 1935లో దక్కన్ రేడియోను తన చేతికి తీసుకున్నది. స్టూడియోల ఆంప్లిఫయర్, గాలిల పంపే ట్రాన్స్‌మీటర్, వినేటోళ్ల ఇంట్ల సెట్టు, అంతా వాల్వుల మీదనే నడిచేది. 1948 సెప్టెంబర్ 17న నిజాం తన లొంగుబాటు సంగతి ఆ రేడియోలనే చెప్పిండు. ట్రాన్సిస్టర్ కనిపెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ట్రాన్సిస్టర్ రేడియో అమెరికా దుకాణాలకు వచ్చిందే 1954లో.

మరి ఆ వాల్వు సెట్టు ఎవరింట్ల ఉండె? వాల్వు లోపలి తీగ వేడెక్కాలె, ప్లేటుకు 200 దాటిన వోల్టులు కావాలె. కరెంటు లేని ఊర్ల కోసం బ్యాటరీ సెట్లుండేవి. వాటికి 90 వోల్టుల పెద్ద బ్యాటరీ, అయిపోతే మళ్ల కొనాలె. పైన పోస్టాఫీసుల లైసెన్సు పైసలు. చిన్న రైతుకు అందేదా చెప్పండి?

1950లో దక్కన్ రేడియో ఆలిండియా రేడియో అయ్యింది. అదే ఏడు రక్షిత కౌలుదారుల చట్టం వచ్చింది. దున్నేటోనికి భూమి మీద హక్కు వచ్చిందని తెలవాలంటే ముందు ఎవరన్న చెప్పాలె గదా. వార్త చెప్పే మిషను ఉన్నోళ్లింట్ల ఉంటే, చట్టం సంగతి కూడా ముందు ఆ ఇంటికే తెలుస్తది.

బెంగళూరు బీఈఎల్ 1961లో రేడియో వాల్వులు చేసుడు మొదలుపెట్టింది. మన కీసర తొవ్వల ఉన్న ఈసీఐఎల్ 1967లో డాక్టర్ ఏ.ఎస్. రావు చేతుల మీద పుట్టేనాటికి కాలం ట్రాన్సిస్టర్‌ది. చిన్న సెల్లులు ఏస్తే చాలు, రేడియో పొలం గట్టు మీదికి వచ్చింది. 1980లల్ల లైసెన్సు కూడా పోయింది.

ఇప్పుడు పట్నంల కొందరు వాల్వు ఆంప్లిఫయర్లకు మస్తు పైసలు పెడుతున్నరు. ఆ గొంతు మెత్తగ ఉంటదన్నది నిజమే. కానీ మన ఊర్లకు గొంతు తెచ్చింది ట్రాన్సిస్టర్.

ఒక జాగ్రత్త. అటక మీద పాత సెట్టు దొరికితే సక్కగ ప్లగ్గుల పెట్టకండి. కండెన్సర్లు పాడై ఉంటయి, షాక్ కొడితే పాణం పోతది. తెలిసిన మెకానిక్‌తో సీరీస్ బల్బు పెట్టించి చూపియ్యండి. తుక్కు కింద మాత్రం అమ్మకండి.

మీ ఊర్ల మొదటి రేడియో ఎవరింట్ల మోగింది? పెద్దోళ్లను అడిగి రాయండి. అడగడానికి వాళ్లు ఇంకా కొంతమందే ఉన్నరు.