మొదటి తప్పు – ఒక షిల్లింగు

అతివేగానికి తొలిసారి పట్టుబడినవారు న్యాయాధికారి ఎదుట చెప్పుకొనే మాట సాధారణంగా ఒక్కటే: “ఇదే నా మొదటి తప్పు.” ఆ మాట అనడానికి వాల్టర్ ఆర్నాల్డ్‌కు ఉన్నంత హక్కు మరెవరికీ లేదేమో! బ్రిటనులో ఈ నేరానికి శిక్ష పడిన తొలి కారు చోదకుడు ఆయనే.

అది 1896 జనవరి 28. స్థలం కెంట్ ప్రాంతంలోని పాడక్ వుడ్. నాటి చట్టం ప్రకారం ఊళ్ళలో యంత్రశకటాలు గంటకు 2 మైళ్ళు మించి పోరాదు. ముందుగా ఒక మనిషి నడవాలి. ఆర్నాల్డ్ కారుకు ముందు మనిషి లేడు, వేగం 8 మైళ్ళు. ఒక పోలీసు సైకిలెక్కి సుమారు 5 మైళ్ళు వెంటాడి పట్టుకున్నాడు. అతివేగానికి పడిన జరిమానా ఒక షిల్లింగు. కోర్టు ఖర్చులు అదనం.

అదే ఏడు నవంబరు 14న అమలులోకి వచ్చిన కొత్త చట్టం వేగపరిమితిని 14 మైళ్ళకు పెంచింది. జనవరిలో నేరమైన వేగం నవంబరుకు న్యాయసమ్మతమైంది. ఆర్నాల్డ్‌ది అసలు తప్పే కాదని చదువరులకు అనిపించవచ్చు.

కాని ఆ రెండు తేదీల నడుమ ఆగస్టు 17 ఉన్నది. ఆనాడు లండనులోని క్రిస్టల్ పాలెస్ వద్ద, కూతురితో కలిసి నడుస్తున్న బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే గృహిణి కారు ఢీకొని మరణించింది. బ్రిటనులో కారుకు బలియైన తొలి పాదచారి ఆమె. ప్రమాదవశాత్తు మరణమని విచారణలో తేల్చారు.

మొదటి తప్పును చట్టం ఒక షిల్లింగుతో మన్నించగలదు. ఆ కూతురికి మాత్రం తల్లి తిరిగి రాలేదు.