నెరిసిన తల, నీలి ఆకు

నెరిసిన తలను గురించి తెలుగులో ఉన్న మాటలు ఒకదానితో ఒకటి పొసగవు. అనుభవశాలిని 'తలపండినవాడు' అని గౌరవించే భాషే, వయసు మీదపడిన మనిషిని చూసి 'తల ముగ్గుబుట్ట అయింది' అని నిట్టూరుస్తుంది; చిన్న వయసులో వచ్చిన తెలుపును 'బాలనెరుపు' అని వేరుచేసి, దానికి మందు వెతకవలసిందేనన్నట్లు రోగాల సరసన చేరుస్తుంది. నలభై, యాభై ఏళ్ళ వయసులో జుట్టుకు రంగు వేయడమా, మానడమా అని తర్కించుకునే స్త్రీపురుషులకు ఈ గౌరవమూ ఈ నిట్టూర్పూ రెండూ ఒకేసారి ఎదురవుతాయి. రంగు పొట్లాలు దుకాణాలకు వచ్చిన తరువాతనే ఈ సందేహం పుట్టిందని చాలామంది భావిస్తారు గానీ, భారతీయ వాఙ్మయంలో దాని ఆనవాళ్ళు కనీసం పదిహేను వందల ఏళ్ళ వెనకకు వెళతాయి.

సంస్కృతంలో నెరిసిన వెంట్రుకకు 'పలితం' అని పేరు. ధర్మశాస్త్రాలలో అది ఒక గడువు తీరిందని తెలిపే గుర్తు. గృహస్థు తన ఒంటిమీద ముడతలనూ తలపై పలితాన్నీ చూసినప్పుడు అడవికి, అంటే వానప్రస్థానికి, బయలుదేరాలని మనుస్మృతి విధించింది. పాలి జాతక కథల్లోని మిథిల రాజు మఖాదేవుడు, తన తలలో తొలి తెల్లవెంట్రుక కనిపించిన రోజున చెప్పవలసిందిగా క్షురకుణ్ణి ముందే ఆజ్ఞాపించి ఉంచుతాడు. ఆ రోజు రాగానే క్షురకుడు బంగారు పట్టకారుతో దానిని పెరికి రాజు చేతిలో పెట్టగా, రాజు అతనికి ఒక గ్రామాన్ని ఇచ్చి, రాజ్యాన్ని కొడుకుకు అప్పగించి సన్యసిస్తాడు. కాళిదాసు రఘువంశంలో వార్ధక్యం పలితం రూపంలో దశరథుని చెవి దగ్గరకు చేరి, రాముడికి పట్టం కట్టమని రహస్యంగా చెప్పినట్లు కల్పన చేశాడు. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలోని యయాతి కథ దీనికి పూర్తిగా ఎదురు నడుస్తుంది. శుక్రుని శాపంవల్ల ముసలితనం పొందిన రాజు దానిని అంగీకరించలేక కొడుకుల యౌవనాన్ని అడుగుతాడు, చిన్నవాడైన పూరుడు తప్ప మిగిలినవారు కాదంటారు. తొలి పలితాన్ని చూసి సింహాసనం దిగిన మఖాదేవుడూ, దానిని వదిలించుకోవడానికి కొడుకు వయసునే అరువు తెచ్చుకున్న యయాతీ ఒకే సంస్కృతిలో పక్కపక్కన నిలిచారంటే, నెరుపు విషయంలో ప్రాచీనులకు ఏకాభిప్రాయం ఉండేదని చెప్పడం సాధ్యం కాదు.

వైద్యులు ఈ విషయాన్ని మరో వైపునుంచి చూశారు. కోపం, శోకం, శ్రమ వల్ల పుట్టిన శరీరోష్మం తలకెక్కి, పిత్తంతో కలిసి వెంట్రుకలను పచనం చేస్తుందని, అంటే వండుతుందని లేదా పండిస్తుందని, దానివల్ల పలితం కలుగుతుందని సుశ్రుత సంహిత నిదానస్థానం వివరిస్తుంది. 'తల పండింది' అనే తెలుగు పలుకుబడిలోనూ ఇదే భావన ఉండడం గమనించదగినది. వెంట్రుక కుదురులో రంగునిచ్చే కణాల మూలకణాలు తీవ్రమైన ఒత్తిడిలో నశిస్తాయని, నాడుల కొసలనుంచి విడుదలయ్యే నార్‌అడ్రినలిన్ అనే రసాయనం దీనికి కారణమని హార్వర్డ్ శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసి 2020లో ప్రకటించిన పరిశోధన తేల్చింది. ఈ ఫలితాన్ని పట్టుకుని సుశ్రుతునికి ఆధునిక శాస్త్రం తెలుసునని వాదించడం తగదు. మనోవ్యథకూ నెరుపుకూ సంబంధం ఉందన్న లోకానుభవాన్ని అతడు తన కాలపు పరిభాషలో చెప్పాడనడం వరకు సమంజసం.

నెరుపుకు మందు చెప్పిన గ్రంథాలు ఎన్నో ఉన్నా, రంగు వేసే విధానాన్ని అడుగడుగునా వివరించిన రచన వరాహమిహిరుని బృహత్సంహిత. ఆరవ శతాబ్దికి చెందిన ఈ జ్యోతిష గ్రంథంలో 'గంధయుక్తి', అంటే సుగంధ ద్రవ్యాలను కూర్చే విద్య, అనే అధ్యాయం తలరంగుతోనే మొదలవుతుంది. తల తెల్లబడిన మనిషికి పూలదండలు, వస్త్రాలు, ఆభరణాలు శోభనివ్వవు గనుక ముందు కేశాలను చక్కదిద్దుకోవాలని గ్రంథకర్త అభిప్రాయం. ఆ విధానం ప్రకారం ఇనుప పాత్రలో ఇనుప రజనుతోపాటు కోద్రవాలను, అంటే అరికలను, పుల్లని కాడిలో ఉడికించి మెత్తగా నూరి, పులుపుతో తడిపిన తలకు పట్టించి పచ్చి ఆకులతో కట్టివేయాలి. రెండు ఝాములు, అంటే ఆరు గంటలు, గడిచాక కడిగి, ఉసిరిక ముద్దను అదే విధంగా పట్టించి మరో రెండు ఝాములు ఉంచి కడిగితే జుట్టు నల్లబడుతుంది. ఆ తరువాత ఇనుము వాసన, పులుపు వాసన పోవడానికి సుగంధ జలాలు వాడాలి. మొత్తం పన్నెండు గంటల పని.

ఈ ప్రక్రియలోని కీలకం ఇనుమూ వగరూ కలిస్తే నలుపు పుట్టడం. పులుపు ఇనుమును కరిగిస్తుంది, ఉసిరిలోని టానిన్లు, అంటే వగరు పదార్థాలు, ఆ కరిగిన ఇనుముతో కలిసి నల్లని పదార్థంగా మారి వెంట్రుకను అంటుకుంటాయి. తెలుగు నేలమీద ఈ సూత్రం జుట్టుకంటే బట్టమీదనే ఎక్కువ ప్రసిద్ధి పొందింది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కరక్కాయ రసంలో ముంచిన బట్టపై, తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ నీళ్ళలో ఊరబెట్టి చేసిన ద్రవంతో నల్లగీతలు దిద్దుతారు. వరాహమిహిరుడు చెప్పిన తలరంగూ కలంకారీ నలుపూ రసాయనపరంగా ఒకే కుటుంబానికి చెందినవి. తలరంగును ఆడంబరంగా కొట్టివేసేవారు గుర్తించవలసినదేమిటంటే, దానిని కనిపెట్టినవారిలోనూ రంగరేజుల నైపుణ్యమే పనిచేసింది.

ఇళ్ళలో సాగిన పద్ధతులు ఇంతకంటే సులువైనవి. ఆయుర్వేద నిఘంటువులు 'కేశరాజం' అని పేర్కొన్న గుంటగలగరాకు తైలాలు వెంట్రుకకు నిగనిగనిచ్చాయే గాని, నెరిసినదానిని నిజంగా నల్లబరచలేదు. ఆ పని చేయగలిగినవి గోరింటాకు, నీలి ఆకు మాత్రమే. గోరింటాకులోని లాసోన్ అనే వర్ణకం వెంట్రుకలోని కెరాటిన్ అనే మాంసకృత్తును పట్టుకుని ఎరుపు కలిసిన నారింజ రంగునిస్తుంది. దానిపై నీలి ఆకు ముద్ద పట్టిస్తే ఆ ఎరుపూ ఈ నీలమూ కలిసి నలుపుకు దగ్గరగా వస్తాయి. యునానీ వైద్యంలో నీలి ఆకుకు 'వస్మ' అనీ, తలకూ గడ్డానికీ వేసే రంగుకు 'ఖిజాబ్' అనీ పేర్లు. హైదరాబాద్ ఉర్దూలో ఈ మాటలు నేటికీ చెలామణిలో ఉన్నాయి. ఇస్లాంలో ఈ విషయంపై స్పష్టమైన సంప్రదాయం ఉంది. 630లో మక్కా వశమైన సమయంలో, ప్రవక్త సహచరుడు అబూబకర్ తండ్రి అబూ ఖుహాఫా తల, గడ్డం పూర్తిగా నెరిసి ఉండగా, ఆ తెలుపును మార్చమనీ నలుపును మాత్రం విడిచిపెట్టమనీ ప్రవక్త చెప్పినట్లు హదీసులు నమోదు చేశాయి. నలుపు పూర్తిగా నిషిద్ధమా, కేవలం అయిష్టమా అన్నదానిపై ధర్మవేత్తలు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. పాతబస్తీ వీధుల్లో ఎర్రని గోరింట రంగు గడ్డంతో కనిపించే వృద్ధులు ఆ పురాతన చర్చలో ఒక పక్షాన్ని నేటికీ నిలబెడుతున్నారు.

రంగు వేయడమా, మానడమా అని ఆలోచించుకునే అవకాశమే లేనివారిని కూడా ఈ చరిత్రలో లెక్కించాలి. భర్త చనిపోయిన బ్రాహ్మణ స్త్రీకి శిరోముండనం చేయించే ఆచారం పందొమ్మిదో శతాబ్దిలో తెలుగునాట బలంగా ఉండేది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించడం ఈ పరిస్థితిపై నేరుగా ఎక్కుపెట్టిన చర్య. అదే కాలంలో తల నెరిసిన పురుషుడు బాలికను వివాహం చేసుకోవడానికి అతని నెరుపు అడ్డం కాలేదు. నెరుపు పురుషుడికి పెద్దరికంగానూ స్త్రీకి కొరతగానూ లెక్కకు రావడం వెనక ఉన్నది ఈ అన్యాయమే. నేడు ఉద్యోగిని నెరిసిన జుట్టుతో కనిపిస్తే 'ఒంట్లో బాగా లేదా' అని అడిగే లోకం ఆమె పక్కనే పనిచేసే నెరిసిన పురుషుణ్ణి ఆ ప్రశ్న అడగదు.

జుట్టు రంగు దిశను మార్చింది బట్టల రంగుల పరిశ్రమే. కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాల నీలిమందు మద్రాసు రేవునుంచి ఎగుమతి అవుతున్న రోజుల్లోనే, 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ తారునుంచి ఊదా రంగును తయారుచేశాడు. 1897లో ఒక జర్మన్ కంపెనీ కృత్రిమ నీలిని అంగడికి తేవడంతో తెలుగు జిల్లాల నీలి సాగు కొద్దికాలంలోనే కుంగిపోయింది. ఆ తారు రసాయనాలలోనిదే పారా-ఫినిలీన్ డయామిన్ అనే పదార్థం. 1863లో రసాయన శాస్త్రజ్ఞుడు హాఫ్‌మన్ దానిని వర్ణించాడు. స్వయంగా రంగులేని ఈ చిన్న అణువు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసినప్పుడు వెంట్రుక లోపల పెద్ద అణువులుగా అల్లుకుని అక్కడే చిక్కుకుపోతుంది. అందుకే ఎన్నిసార్లు తలంటినా ఆ నలుపు వదలదు. పారిస్‌లో యూజీన్ షుయెల్లర్ అనే యువ రసాయన శాస్త్రజ్ఞుడు 1907లో ఇటువంటి రంగును తయారుచేసి, రెండేళ్ళకు స్థాపించిన సంస్థే తరువాత లోరియల్‌గా ఎదిగింది. 1956లో అమెరికాలో ఇంట్లోనే వేసుకునే రంగుకు సాగిన ప్రచారం, రంగు వేసుకున్నదీ లేనిదీ ఎదుటివారు కనిపెట్టలేరన్న హామీని ఆధారం చేసుకుంది. పన్నెండు గంటల ఆకుకట్టు అరగంటకు దిగిందంటే అది ఈ అణువు చలవే. తెలుగు ఊళ్ళలో కొద్ది రూపాయల పొట్లంగా మారి, రాజభోగాన్ని రైతు ఇంటి అరుగుమీదికి తెచ్చింది కూడా అదే.

తెలుపుకు అంగట్లో విలువ లేదనుకోవడం కూడా పొరపాటే. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను పొడవును బట్టి వేరుచేసి వేలం వేసే దేవస్థానం, తెల్లవెంట్రుకలను ప్రత్యేక రకంగా ఉంచుతుంది. వర్ణకం లేని వెంట్రుక ఏ రంగునైనా సులభంగా స్వీకరిస్తుంది గనుక దానికి కొనుగోలుదారులు ఉంటారు.

అరగంటలో తలను నల్లబరిచే రంగు తెచ్చిన సౌలభ్యానికి చెల్లించిన మూల్యం తక్కువది కాదు. అమెరికాలో 1930ల్లో కనురెప్పలకు వేసే ఒక రంగువల్ల స్త్రీలు చూపు కోల్పోయారు, ఒకరు మరణించారు. 1938 నాటి చట్టం సౌందర్య సాధనాలను ప్రభుత్వ అదుపులోకి తెచ్చినప్పటికీ తారు రంగులను నిషేధించకుండా, పొట్లంపై హెచ్చరిక ఉండాలన్న షరతుతో విడిచిపెట్టింది. చర్మంపై దద్దురు, ముఖం వాపు వంటి ఎలర్జీలు నేటికీ వైద్యులకు పరిచితమైనవే. ఈ తలరంగు కడుపులోకి వెళితే గొంతు వాచి ఊపిరి ఆడకపోవడం, కండరాలు దెబ్బతిని మూత్రపిండాలు పనిచేయకపోవడం జరుగుతాయని రాయలసీమ, కోస్తా ఆసుపత్రుల వైద్యులు ఎన్నో నివేదికల్లో నమోదు చేశారు. ఇంట్లో పిల్లలకు గానీ మనసు బాగాలేనివారికి గానీ అందేచోట దానిని ఉంచకూడదు. క్యాన్సర్ విషయానికి వస్తే, లియాన్‌లోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో వెలువరించిన సంపుటిలో, సొంతానికి రంగు వేసుకోవడంపై నిర్ణయానికి రాదగిన ఆధారాలు లేవని చెప్పింది. కాని క్షురకులుగా, కేశాలంకరణ వృత్తిలో పనిచేసేవారికి కలిగే స్పర్శను 'బహుశా క్యాన్సర్ కారకం' అనే వర్గంలో చేర్చింది. మఖాదేవుని క్షురకునికి ఒక తెల్లవెంట్రుక చూపినందుకు గ్రామం దక్కింది. నేటి సెలూన్లలో పనిచేసే నాయీబ్రాహ్మణులకూ, బ్యూటీపార్లర్ల మహిళలకూ పూటకు పదిమంది తలలకు రంగు పూసినందుకు చేతి తొడుగులు కూడా దక్కని చోట్లు ఉన్నాయి. రంగు వేయించుకునేవారు తమ తలకంటే ముందు ఆ చేతులను చూడాలి.

రంగు వేసుకోవడంలోనూ మానుకోవడంలోనూ తప్పు లేదు. ఆ నిర్ణయం భర్తదో, పై అధికారిదో, ప్రకటనదో కాకుండా, ఎవరి తల విషయంలో వారిదే కావాలి. వేసుకోదలచినవారికి భారతదేశపు నిబంధనలు ఒక రక్షణ కల్పించాయి: చర్మానికి హాని కలిగించగల పదార్థాలు ఇందులో ఉన్నాయనీ, ముందుగా కొద్దిగా పూసి పరీక్షించుకోవాలనీ, కనురెప్పలకు, కనుబొమలకు వాడితే చూపు పోవచ్చుననీ పొట్లంమీద ఇంగ్లీషులోనూ స్థానిక భాషలలోనూ ముద్రించాలి. అమెరికా 1938లో విధించిన వాక్యానికి ఇది ఇంచుమించు ప్రతిరూపం. ఆ సన్నని అక్షరాలు పొట్లం వెనక ఉంటాయి; పాఠకులు తదుపరిసారి పొట్లానికి కత్తెర పెట్టకముందు వాటిని చదివి, చెవి వెనక ఒక చుక్క పూసి, ఒకటి రెండు రోజులు ఆగాలి.