పెద్దల పండుగ – ఇంటి చరిత్ర

సంక్రాంతి మూడు దినముల పండుగ. భోగి పిల్లలది, కనుమ పశువులది. నడిమి దినము మాత్రము గతించినవారిది. ఉత్తరాంధ్ర గ్రామములలో ఆ దినమునకు పెద్దల పండుగ యనియే పేరు. కొత్తబట్టలను మొదట పెద్దల పేర నుంచి, పసుపు కుంకుమలు పెట్టి, వండినవన్నియు వడ్డించి, ఆ పిమ్మట గాని ఇంటివారు వానిని కట్టుకొనరు. తక్కిన జిల్లాలలో కొందరు తర్పణములు విడుతురు. కొందరు పెద్దలను తలచుకొని గుమ్మడిపండును దానమిత్తురు. గాదె నిండిన వేళ, ఆ గాదెకు మూలమైన పొలమును బాగుచేసినవారిని తలచుకొనుట ఇందలి భావము. ఏడాది పొడవున నలుదిక్కుల చెదరియుండు అన్నదమ్ములు, ఆడపడుచులు, అల్లుండ్రు, మనుమలు ఒక్క కప్పు క్రింద చేరుటయు ఆ నాడే.

ఆ నాడు ఎన్ని పేర్లు పలుకబడుచున్నవో ఎవరైన లెక్కించిరా? తర్పణమున తండ్రి, తాత, ముత్తాత. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు. మాతామహుని వైపునను అట్లే మూడు తరములు. పెండ్లిపీటలపై పురోహితుడు చదువు ప్రవరయందును వధూవరులు ఫలానివారి మునిమనుమలుగా, మనుమలుగా, పుత్రులుగా మూడు తరముల మేరకే చెప్పబడుదురు. ఇంటిలో ఒకరు గతించి ఆ వరుసలో చేరినపుడు పైనున్న పేరొకటి జారిపోవును. మంత్రము లేని యిండ్లలో పేర్ల సంఖ్య ముసలివారి జ్ఞాపకశక్తిని బట్టి యుండును. అదియు సామాన్యముగ మూడు తరములను దాటదు. ఆచారము మన పెద్దలను మరవనీయదనుట నిజమే. అయితే అది కాపాడునది పేరును మాత్రమే. ఆ పేరుగల మనుష్యుడు ఏ యూరినుండి వచ్చెను, ఏ చెరువు క్రింద సాగుచేసెను, ఏల వచ్చెను అను సంగతులు దాని బాధ్యతలోనివి కావు.

పూర్వము ఈ బాధ్యతను వహించినవారు వేరుగ నుండిరి. రాజులకు శాసనములుండెను. ఓరుగల్లు నేలిన కాకతీయుల తొలితరములవారి పేర్లు చరిత్రకారులకు లభించుటకు ముఖ్యాధారములలో బయ్యారము చెరువు శాసనమొకటి. ఇప్పటి మహబూబాబాదు జిల్లాలోని ఆ చెరువును 13వ శతాబ్దిలో త్రవ్వించినది గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ. వెన్నరాజు మొదలుకొని పుట్టింటి వంశక్రమమును ఆమె రాతిపై చెక్కించినది. అత్తవారింటికి పోయిన ఆడపడుచు పుట్టింటి చరిత్రను నిలిపిన ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనదగినది. రాజులకు దిగువనున్న మంత్రులకు, సంపన్నులకు కవులుండిరి. కావ్యమును అంకితమందిన కృతిపతి వంశమును అవతారికలో వర్ణించుట తెలుగు కవులకు పరిపాటి. ఆ వర్ణనలలో పొగడ్త మిక్కుటమైనను పేర్లును వరుసలును దక్కినవి.

కాపునకు, నేతగానికి, గొల్లకు శాసనము లేదు, కావ్యము లేదు. అయినను చరిత్ర లేకపోలేదు. ఒక్కొక్క కులము నాశ్రయించి దాని కథను చెప్పి బ్రతుకువారుండిరి. పిచ్చుకుంట్లవారు రెడ్లు మొదలగు కాపుకులముల గోత్రములను, ఇంటిపేర్లను వల్లించెడివారు. కూనపులివారు పద్మశాలీల యెదుట పొడవైన బొమ్మల పటమును విప్పి మార్కండేయ, భావనాఋషుల కథను పాడెడివారు. ఆ పటములను చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాసెడివారు. గొల్లలకు మందెచ్చులవారు కాటమరాజు కథను బొమ్మలు నిలిపి చెప్పిరి. మాదిగలకు డక్కలివారు జాంబపురాణము వినిపించిరి. పంట కల్లమునకు వచ్చిన దినములలో వీరు ఊరూర తిరిగి తమకు వంతుగా రావలసిన ధాన్యమును పుచ్చుకొనెడివారు. వీరిని యాచకులని తలచుట పొరపాటు. కథ చెప్పుట వారి వృత్తి, ధాన్యము వారి హక్కు. ఇచ్చువారును దానిని అట్లే భావించిరి.

ఇక గ్రామమునకు కరణముండెను. ఆతని ఇంటనున్న కవిలెలలో భూముల లెక్కలతోపాటు ఊరి పుట్టుపూర్వోత్తరములు, ఏలినవారి వరుస, దేవాలయముల మాన్యములు వ్రాయబడి యుండెడివి. కర్నలు కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయత్తులకు ఈ కవిలెలు ముఖ్యాధారములు. ఆ పనిలో మెకంజీకి కుడిభుజమై నిలిచినవాడు ఏలూరివాడగు కావలి బొర్రయ్య. ఆయన 1803లో చిన్నవయస్సున మరణింపగా సోదరుడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. 1821లో మెకంజీయు గతించెను. శిథిలమగుచున్న ఆ వ్రాతలకు పిమ్మట సి.పి. బ్రౌను ప్రతులు వ్రాయించి యుండనిచో వానిలో ననేకము మనకు దక్కియుండెడివి కావు. గమనింపవలసిన దేమనగా, బొర్రయ్య సోదరులును వారి అనుచరులును కవిలెలతోనే తృప్తిపడలేదు. వృద్ధుల నోటి మాటలనుగూడ వ్రాసికొనిరి. చదువురాని ముసలివాని మాటయు చరిత్రకు పనికివచ్చునని రెండు వందల యేండ్ల క్రిందటనే వారు గ్రహించిరి.

ఆ యేర్పాటులన్నియు నేడు చెదరినవి. కథకుల సంతతివారు పెక్కుమంది వేరు వృత్తులలో ప్రవేశించిరి. ఆంధ్రప్రదేశమున వంశపారంపర్య కరణీకము 1984లో రద్దయ్యెను. దాని వలన గ్రామమునకు మేలే జరిగినదని పలువురి అభిప్రాయము. కవిలెల మాట మాత్రము ఎవరికిని పట్టలేదు. కావున ఇంటి చరిత్రకు నేడు మిగిలిన ఆధారము పండుగనాడు వసారాలో కూర్చుండు వృద్ధులొక్కరే. వారు వచ్చు సంక్రాంతికి ఉందురో లేదో ఎవరు చెప్పగలరు?

వృద్ధుల మాటను వ్రాసికొనుటయందు కొంత నేర్పు కావలెను. వారు తేదీలు చెప్పరు, సంవత్సరముల పేర్లు చెప్పుదురు. “మా నాయనమ్మ ధాత కరువునాటికి చంటిబిడ్డ” యని ఒక అవ్వ చెప్పినచో, ధాత 1876లో వచ్చినది, మరల 1936లో వచ్చినది, 1996లోను వచ్చినది. అరువది యేండ్లకొకసారి పేరు తిరిగి వచ్చుటచే ఒక తరము మరొక తరముగ పొరబడుట సులభము. రాయలసీమను మాడ్చివేసిన ఆ పెద్ద కరువు 1876 నాటిదని తెలిసినచో ఆ నాయనమ్మ పుట్టిన కాలము చిక్కినట్లే. అట్లే గుంటూరు సీమను పీడించిన నందన కరువు 1832–33 నాటిది. డొక్కల కరువన్నను అదియే. బందరును ముంచిన రక్తాక్షి ఉప్పెన 1864 నవంబరు 1వ తేదీది. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసినది, బెజవాడ ఆనకట్ట 1855లో. కృష్ణా గోదావరీ మండలములలో ఎన్నియో కుటుంబముల వలసకథలు ఈ రెండు ఆనకట్టల కాలువలవెంట నడచినవి. మూసీ వరద 1908, విషజ్వరము 1918, హైదరాబాదు పోలీసు చర్య 1948, నాగార్జునసాగరు శంకుస్థాపన 1955, దివిసీమ ఉప్పెన 1977. ఎవరైన “అప్పుడు” అన్నప్పుడు, అది వీనిలో దేనికి ముందో వెనుకయో అడిగి వ్రాసికొనిన చాలును. మిగిలిన లెక్క తరువాత తీరికగా కట్టవచ్చును.

చెప్పినదెల్ల నమ్మవలెనని కాదు. తమ మూలపురుషుడు మంత్రియో దండనాయకుడో యని చెప్పని ఇల్లు అరుదు! అందరును దండనాయకులే యైనచో నాగలి పట్టినవారెవరు? ఇట్టి మాటలను కొట్టివేయక, “ఇట్లు చెప్పుకొందురు” అని వేరుగ గుర్తించుట మంచిది. ఇంటిపేరు కొంత దారి చూపును. వీరేశలింగము పంతులుగారి పూర్వులు కందుకూరునుండి రాజమహేంద్రవరమునకు వచ్చినవారు గనుకనే వారి ఇంటిపేరు కందుకూరివారైనది. అట్లని ఒక్క ఇంటిపేరుగలవారందరును ఒక్క వంశమువారు కారు. ఒక యూరినుండి పలు కులములవారు కదలిపోయి అందరును ఆ యూరిపేరే ధరించి యుండవచ్చును. అప్పులు, దాయాదుల వ్యాజ్యములు, పొలము పోయిన సంగతులు పండుగనాడు ఎత్తుటకు మనసొప్పదు. కాని ఒక కుటుంబము ఊరు విడిచినదన్నచో కారణము తరచుగ అందే యుండును.

అన్నిటికంటె ఎక్కువగ నశించుచున్నది స్త్రీల చరిత్ర. పెండ్లితో ఇంటిపేరు మారును. కొన్ని యిండ్లలో పెట్టిన పేరే మారును. కోడలుగ వచ్చిన యింట డెబ్బదియేండ్లు కాపురము చేసిన అవ్వ పుట్టినయూరు ఆమె మనుమలకే తెలియని గృహములు లేకపోలేదు. తర్పణమున ఆమె పేరుండును, ఊరుండదు. ఆమె తెచ్చినవి మాత్రము ఇంటిలో నున్నవి. సంక్రాంతికి తీర్చు బొమ్మల కొలువులో రంగు వెలిసిన కొండపల్లి బొమ్మ ఏ అవ్వ పుట్టింటినుండి వచ్చినది? ఈ యింట అరిసెల పాకము ముదురుగాను పొరుగింట లేతగాను పట్టుటకు కారణమేమి? మంగళహారతులు, నోముకథలు, పెండ్లిపాటలు అత్తలకంటె తల్లులనుండియే ఎక్కువగ వచ్చినవి. అనగా అవి వేరొక యూరి చరిత్రను ఈ యూర పాడుచున్నవి. అవ్వ అరిసెలు వత్తుచుండగా అడిగినచో ఈ సంగతులన్నియు చెప్పును. ఎదుట కాగితముంచుకొని కూర్చున్నచో, “నాకేమి తెలియును నాయనా, తాతయ్య నడుగు” అనును. నేడు చేతిలోని ఫోనే మాటను పట్టి నిలుపుచున్నది గావున కాగితము కనబడనవసరము లేదు. అయితే ఫోను మారినపుడు మాట పోవును. వెంటనే వ్రాసి, చెప్పినవారి పేరు, తేదీ వేసి, ఒక ప్రతిని ఇంటను, ఒక ప్రతిని గ్రామ గ్రంథాలయపు బీరువాలోను ఉంచుట క్షేమకరము. చెదలు రెండు చోట్లను ఒక్కమారు పట్టవు.

ఈ వ్రాత విలువ ఊరిలో నున్నవారికంటె ఊరు విడిచిపోయినవారికి బాగుగ తెలియును. 1834 మొదలుకొని కూలి ఒడంబడికలపై మారిషసు దీవికి పోయినవారిలో తెలుగువారు అనేకులు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవునుండి ఓడ యెక్కినందున అక్కడ వారిని ఆ రేవు పేరనే కోరంగీలనిరి. వారి సంతతివారు నేటికిని ఉగాది జరుపుకొందురు. ఆ దేశమున అది ప్రభుత్వపు సెలవుదినము. పెక్కు కుటుంబములలో భాష సన్నగిల్లినది, వలసవచ్చిన తాత కథ మరుగుపడినది. కాని దిగిన ప్రతి మనిషి పేరును, వయస్సును, ఊరిని, చాలచోట్ల తండ్రి పేరునుగూడ నాటి గుమాస్తాలు రిజిస్టర్లలో వ్రాసిరి. ఆ రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగ నున్నవి. ఆ గుమాస్తా తెలుగు పేర్లను తనకు వినబడినట్లు వ్రాసెను. అందుచే ఊరి పేరు గుర్తించుట ఒక్కొక్కప్పుడు కష్టము. అయినను అందు నిలిచియున్న ఆ తండ్రి పేరు, ఇక్కడ ఆయన పుట్టిన యూర, మూడు తరముల లెక్క దాటి, తర్పణములనుండి ఎన్నడో జారిపోయినది.