టామ్‌వర్త్ నీటిమర: లిఖితాధారాల మౌనం - పురావస్తు సాక్ష్యం

ఉపోద్ఘాతం:
మధ్యయుగ ఇంగ్లండులోని నీటిమరల చరిత్రకు ప్రధానమైన లిఖితాధారం 1086లో మొదటి విలియం రాజు జరిపించిన డూమ్స్‌డే సర్వే. అందులో సుమారు ఆరువేల మరలు నమోదయ్యాయి. అయితే భూముల విలువను, రాబడిని నిర్ధారించడమే ఆ సర్వే ఉద్దేశం. అందువల్ల ఒక మర ఏటా ఎంత ఆదాయమిచ్చేదో అది చెబుతుంది గాని, ఆ మర ఎలా తిరిగేదో చెప్పదు. పైగా మెర్సియా రాజ్యపు ముఖ్య కేంద్రాలలో ఒకటైన టామ్‌వర్త్ పట్టణానికి అందులో ప్రత్యేక నమోదే లేదు. ఈ లోటును అక్కడి తవ్వకాలు కొంతవరకు పూరించాయి.

తవ్వకాలు - కాలనిర్ణయం:
స్టాఫర్డ్‌షైర్‌లో టేమ్, ఆంకర్ నదులు కలిసేచోట టామ్‌వర్త్ ఉంది. అక్కడి బోల్‌బ్రిడ్జ్ వీధి ప్రాంతంలో 1971, 1978 సంవత్సరాలలో జరిగిన తవ్వకాలలో ఒకదాని తరువాత ఒకటిగా నిర్మించిన రెండు మరల అవశేషాలు బయల్పడ్డాయి. ఫిలిప్ రాట్జ్, రాబర్ట్ మీసన్ల సమగ్ర నివేదిక 1992లో వెలువడింది. నీరు నిలిచిన నేలలో గాలి సోకకపోవడం వల్ల కలప కుళ్ళిపోకుండా మిగిలింది. ఆ కలపలోని వార్షిక వలయాలను పరిశీలించి, రెండవ మర నిర్మాణకాలం క్రీ.శ. 855 ప్రాంతమని నిర్ణయించారు. అంటే అది డూమ్స్‌డే సర్వే కంటే రెండు శతాబ్దాలకు పైగా పూర్వపుది. చివరకు ఆ మర అగ్నికి ఆహుతైంది.

యంత్ర నిర్మాణం:
నీటిమర అనగానే నిలువుగా తిరిగే పెద్ద చక్రం స్ఫురిస్తుంది. టామ్‌వర్త్ మర చక్రం నేలకు సమాంతరంగా తిరిగేది. దోనె గుండా వేగంగా వచ్చిన నీరు చక్రపు రెక్కలను తాకినప్పుడు నిలువు ఇరుసు, దాని పైకొసకు అమర్చిన తిరగలి పైరాయి కలిసి తిరిగేవి. పళ్ళచక్రాలతో పని లేదు. చక్రం ఒక చుట్టు తిరిగితే రాయీ ఒక చుట్టే తిరుగుతుంది.

ఈ సరళత వల్లనే ఇటువంటి మరలను ప్రాథమిక దశకు చెందినవిగా భావించడం కద్దు. కానీ టామ్‌వర్త్‌లో ఇరుసు బరువును మోసే అడుగు దూలంలో ఉక్కు ఆనిక లభించింది. నిరంతర రాపిడిని తట్టుకొనే లోహాన్ని ఎంచి, దానిని తగినచోట వాడిన కమ్మరి నైపుణ్యానికి అది నిదర్శనం. స్థానిక శిలతో పాటు జర్మనీలోని రైన్ ప్రాంతపు లావా శిలతో చేసిన తిరగలి రాళ్ళ ముక్కలు కూడా దొరకడం దూరదేశ వర్తక సంబంధాలను సూచిస్తోంది.

ముగింపు:
యంత్రం సరళమైనంత మాత్రాన దానిని నిర్మించినవారి సాంకేతిక పరిజ్ఞానం తక్కువదని భావించడం సరికాదని ఈ అవశేషాలు నిరూపిస్తున్నాయి. రాబడి లెక్కలలో కనిపించని దానిని చరిత్రలోనే లేనిదిగా పరిగణించరాదు. లిఖితాధారం ఏ ప్రయోజనం కోసం పుట్టిందో గుర్తించినప్పుడే దాని మౌనాన్ని సరిగా అర్థం చేసుకోగలం.