ఎవరి ‘నేను’, ఎవరి ‘మేము’: క్వీన్ బృందం చివరి రికార్డింగులు (1988–1991)

మా శాఖలో ఎం.ఏ. విద్యార్థులకు ప్రతి ఏడూ ఒక చిన్న అభ్యాసం ఇస్తుంటాము. ఇష్టమైన పాట ఒకటి తీసుకొని, అందులో ‘నేను’, ‘మేము’, ‘మనం’ అన్న మాటలు ఎవరిని సూచిస్తున్నాయో రెండు పుటల్లో రాయాలి. పాట ఏ భాషదైనా ఫరవాలేదు. ఒకసారి షోలాపూరు నుంచి వచ్చిన విద్యార్థిని ఒకామె ఇంగ్లండుకు చెందిన క్వీన్ అనే రాక్ బృందం పాట ‘ది షో మస్ట్ గో ఆన్’ను ఎంచుకొంది. ఎయిడ్స్ వ్యాధితో మరణానికి చేరువైన గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యూరీ తన గురించి తాను రాసుకొన్న వీలునామా ఇది అని ఆమె తేల్చింది. చక్కగా రాసింది, మంచి మార్కులే వేశాము. కాని ఆ తీర్పులో సగమే సరి. ఆ పాటను ప్రధానంగా రాసినవాడు మెర్క్యూరీ కాదు, బృందంలో గిటారు వాయించే బ్రయన్ మే. ఒకరు రాసిన ‘నేను’ను, ఎవరిని మనసులో పెట్టుకొని రాశారో ఆ మనిషే పాడాడన్న మాట. ఇది ఎలా జరిగిందని వెతుకుతూ పోతే 1988 నుంచి 1991 దాకా నాలుగేళ్ల చరిత్ర ఒకటి కంటబడింది. దాన్నే ఇక్కడ చెప్పదలచాము.

ముందు మనిషి గురించి కొంత. మెర్క్యూరీ అసలు పేరు ఫరోఖ్ బల్సారా. 1946 సెప్టెంబరు 5న జాంజిబార్‌లో ఒక పార్శీ కుటుంబంలో పుట్టాడు. ఇంటిపేరులోనే ఊరుంది: గుజరాత్ తీరంలోని బల్సార్, ఇప్పటి వల్సాడ్. మన ఇంటిపేర్లలోనూ ఎన్నో తరాల కింద వదలి వచ్చిన ఊళ్లు ఇలాగే దాగి ఉంటాయన్నది ఈ పత్రిక చదివేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. చిన్నతనంలోనే ఆయనను మహారాష్ట్రలోని పంచగనిలో సెయింట్ పీటర్స్ పాఠశాలకు పంపారు. మొదటి వాద్యబృందంలో చేరింది అక్కడే, తోటి విద్యార్థులతో. దాని పేరు ‘ది హెక్టిక్స్’. 1964 జాంజిబార్ విప్లవం తరువాత కుటుంబం లండన్ శివార్లకు తరలింది. 1970లో బ్రయన్ మే, డ్రమ్ములు వాయించే రోజర్ టేలర్‌లతో కలిసి క్వీన్ ఏర్పడింది. 1971లో బాస్ గిటారు వాయించే జాన్ డీకన్ చేరాడు. ఆ తరువాత ఇరవై ఏళ్లు ఆ నలుగురే.

ఇక మా అసలు విషయానికి వ్యాకరణం కొంచెం అవసరం. తెలుగులో వినేవారిని కలుపుకొంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’. తమిళంలో ‘నామ్’, ‘నాంగళ్’ అలాంటివే. మన కన్నడ విద్యార్థులకు ‘నావు’ ఒక్కటే ఉంది. ఆ భాషలో ఈ భేదం పోయింది. మరాఠీలో ‘ఆమ్హీ’, ‘ఆపణ్’, బల్సారా కుటుంబం మాట్లాడిన గుజరాతీలో ‘అమే’, ‘ఆపణే’ ఉన్నాయి. ద్రావిడ భాషల సాహచర్యం వల్లనే వాటికి ఈ భేదం అబ్బిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. ఇంగ్లీషుకు మాత్రం రెంటికీ ఒకటే మాట. క్వీన్ చివరి నాలుగేళ్ల కథ ఇంగ్లీషులో జరిగింది గాని, దాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగు సర్వనామాలే మెరుగని మాకు తోస్తుంది.

1987 వరకు ఈ బృందంలో ఎవరు రాసిన పాటకు వారి పేరే ఉండేది. రాయల్టీ డబ్బు కూడా ఆ ప్రకారమే. 1975లో ‘బొహీమియన్ రాప్సొడీ’ సింగిల్ రికార్డు రెండో వైపున టేలర్ పాట ఒకటి వేశారు. మొదటి వైపు పాట కోసం జనం కొన్నా, రెండో వైపు రాసినవారికీ సమానంగా సొమ్ము వస్తుంది. దీనిమీద వారిలో చాలాకాలం మనస్పర్థలు నడిచాయి. తగవులు పాటల మీదే కాక, ఏ పాటను సింగిల్‌గా వేయాలన్న దాని మీదా ఉండేవి. 1988లో కొత్త ఆల్బమ్ పని మొదలుపెట్టినప్పుడు ఆ పద్ధతి మానేశారు. ఎవరు రాసినా సరే రచన ‘క్వీన్’ది అని వేయాలని నిశ్చయించుకొన్నారు. 1989 మే నెలలో వెలువడిన ఆ ఆల్బమ్ ‘ది మిరకిల్’ అట్టమీద నలుగురి ముఖాలనూ కంప్యూటరు సాయంతో కలిపి ఒకే ముఖంగా చేశారు. చూస్తే కొంచెం భయం వేస్తుంది, కాని వారు చెప్పదలచినదేమిటో అందులో స్పష్టంగా ఉంది.

ఈ నిర్ణయానికి కారణం వ్యాధి ఒక్కటే అని మేము అనము. ఇరవై ఏళ్లు కలిసి పనిచేసినవారికి తగవులు విసుగు పుట్టించి ఉంటాయి. అయితే కాలాన్ని గమనించాలి. మెర్క్యూరీకి హెచ్.ఐ.వి. ఉన్నట్టు 1987లో తేలింది. అప్పటికి చేతిలో ఉన్న మందు దాదాపు ఒక్కటే, ఆ ఏడాదే అమెరికాలో అనుమతి పొందిన జిడోవుడిన్. అది వ్యాధిని ఎంతో కాలం ఆపలేకపోయేది. రోగుల ఆయుష్షును నిజంగా పెంచిన సంయుక్త చికిత్స 1996లో గాని రాలేదు. బృందం చివరి కచేరీ 1986 ఆగస్టు 9న నెబ్‌వర్త్‌లో జరిగింది. ఆ తరువాత ఎందుకు ఊళ్లు తిరగడం లేదని అడిగితే, ఆల్బమ్, పర్యటన, మళ్లీ ఆల్బమ్ అనే చక్రం నుంచి బయటపడాలనుకొన్నామని మెర్క్యూరీ జవాబు చెప్పాడు. మిగిలిన ముగ్గురూ విలేఖరుల ముందు వ్యాధి లేదనే అన్నారు. అబద్ధం చెప్పామని తరువాతి కాలంలో వారే ఒప్పుకొన్నారు. 1990 ఫిబ్రవరి 18న బ్రిట్ అవార్డుల సభలో నలుగురూ వేదిక ఎక్కినప్పుడు మెర్క్యూరీ చిక్కిపోయి కనిపించాడు. ప్రసంగమంతా బ్రయన్ మే చేశాడు. మెర్క్యూరీ చివర ఒక కృతజ్ఞతా వాక్యం చెప్పి దిగిపోయాడు. ‘మేము’ అన్న మాట ఇక్కడ గోడ వంటిది. లోపల నలుగురు, బయట లోకం.

ఆ గోడ లోపల జరిగింది పని. 1989 మార్చి నుంచి 1990 నవంబరు వరకు ‘ఇన్యుయెండో’ ఆల్బమ్ తయారైంది, కొంత లండన్‌లోని మెట్రొపొలిస్ స్టూడియోలో, కొంత స్విట్జర్లాండులో జెనీవా సరస్సు ఒడ్డున మాంట్రో పట్టణంలోని మౌంటెన్ స్టూడియోలో. రెండోది 1979 నుంచి బృందం సొంతం. సౌండు ఇంజనీరు, సహనిర్మాత డేవిడ్ రిచర్డ్స్. పేరుపాట ఆరున్నర నిమిషాలు. ఆ రోజుల్లో స్టూడియోకు చూడవచ్చిన ‘యెస్’ బృందం గిటారిస్టు స్టీవ్ హౌ చేత అందులో స్పానిష్ గిటారు వాయింపించారు. పాటలన్నిటికీ రచయిత క్వీన్. ఒక్కదానిలో మాత్రం మైక్ మోరన్ పేరు అదనంగా చేరింది. ఆల్బమ్ 1991 ఫిబ్రవరిలో వెలువడి ఇంగ్లండులో మొదటి స్థానానికి వెళ్లింది.

మా విద్యార్థిని ఎంచుకొన్న పాట ఆ ఆల్బమ్‌లో చివరిది. డీకన్, టేలర్‌లు వాయిస్తూ ఉండగా పుట్టిన స్వరాల వరుస దానికి మూలం. మే దాన్ని పట్టుకొని, మెర్క్యూరీతో కూర్చొని ఇతివృత్తం మాట్లాడుకొని, మాటల్లో ఎక్కువ భాగం తానే రాశాడు. వ్యాధి పేరు ఎత్తకుండానే ఇద్దరూ ఆ వ్యాధి గురించే మాట్లాడుకొన్నారన్న మాట. మార్గం చూపడానికి మే తన గొంతుతో ఒక నమూనా రికార్డు చేశాడు. పైస్థాయి అందక కొన్నిచోట్ల దొంగగొంతుతో పాడవలసి వచ్చింది. నిలబడటమే కష్టంగా ఉన్న మనిషి దీన్ని పాడగలడా అన్న సందేహం ఆయనకు కలిగింది. మెర్క్యూరీ కొంచెం వోడ్కా పుచ్చుకొని, పాడతానని గట్టిగా చెప్పి, పాడేశాడు. ఈ సంగతి మే చాలాసార్లు చెప్పాడు. రికార్డు వింటే ఆయన మాట నమ్మవలసే వస్తుంది.

భాషాశాస్త్రం చదివినవారిగా ఆ గొంతు గురించి ఒక మాట. 2016లో క్రిస్టియన్ హెర్బ్‌స్ట్, ఆయన సహచరులు మెర్క్యూరీ మాటనూ పాటనూ పరిశీలించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఇంటర్వ్యూలలో మాట్లాడే గొంతు మధ్యస్థ పౌనఃపున్యం 117.3 హెర్ట్జ్ అని తేలింది. అంటే మాట్లాడేటప్పుడు ఆయనది మంద్రానికి దగ్గరగా ఉండే మధ్యమ పురుష స్వరం, పాడేటప్పుడే పైస్థాయి. గమకంలో కంపనం శాస్త్రీయ గాయకుల కంటె వేగంగా, అస్తవ్యస్తంగా ఉంది. నాలుగు స్థాయిలు పలికే గొంతు అన్న ప్రచారాన్ని వారు ధ్రువీకరించలేకపోయారు. కనుక ఆ పాటలోని పైస్వరాలు పుట్టుకతో సులువుగా వచ్చినవి కావు, శ్రమపడి అందుకొన్నవి.

ఆల్బమ్ వెలువడ్డాక కూడా మెర్క్యూరీ పని ఆపలేదు. ఇక్కడే మాకు ఈ చరిత్రలో ఎక్కువ ఆసక్తి. 1991 మొదటి నెలల్లో, ముఖ్యంగా మే నెలలో, ఆయన మాంట్రోలో ఉండి ఓపిక ఉన్న రోజుల్లో స్టూడియోకు వచ్చి కొన్ని గంటలు పాడేవాడు. మిగిలినవారు ఎప్పుడు కబురు వస్తే అప్పుడు వెళ్లేందుకు సిద్ధంగా ఉండేవారు. పూర్తి పాట కోసం ఆగే వ్యవధి లేదు. రాయండి, ఏది రాసిస్తే అది పాడతాను, తరువాత మీరు పూర్తిచేసుకోవచ్చు అన్నది ఆయన చెప్పిన మాటల సారాంశం. ఇది సాధ్యమైంది రికార్డింగు సాంకేతికత వల్ల. ఒక టేపు మీద గొంతును ఒక ట్రాక్‌లో, ఒక్కొక్క వాద్యాన్నీ వేరొక ట్రాక్‌లో విడివిడిగా నిలపవచ్చు కనుక, డ్రమ్ యంత్రం ఇచ్చే తాళం మీద గొంతు ముందుగా నిలిపి, వాద్యాలను నెలల తరువాత చేర్చవచ్చు. మద్రాసు స్టూడియోలలో పాతరోజుల్లో గాయకులూ వాద్యకారులూ ఒకేసారి కూర్చొని ఒకే టేకులో పాట ముగించిన పద్ధతిలో అయితే ఇది కుదిరేది కాదు.

‘మదర్ లవ్’ అనే పాట ఆ రోజులది. మే కాగితం ముక్క మీద చరణం రాసివ్వడం, మెర్క్యూరీ వెంటనే పాడటం, మళ్లీ ఇంకో ముక్క. చివరి చరణం దగ్గరకు వచ్చేసరికి అలసిపోయి, విశ్రాంతి తీసుకొని వచ్చి ముగిస్తానన్నాడు. రాలేదు. ఆ చరణాన్ని తరువాత మే తన గొంతుతో పాడాడు. అంటే ఒకే పాటలో, ఒకే ‘నేను’, చివరి చరణంలో ఒక గొంతు నుంచి మరొక గొంతుకు మారుతుంది. మా అభ్యాసానికి ఇంతకంటె కఠినమైన పాట మాకు ఇంతవరకు దొరకలేదు.

1991 మే 30న ‘దీజ్ ఆర్ ద డేస్ ఆఫ్ అవర్ లైవ్స్’ పాటకు చిత్రీకరణ జరిగింది. మెర్క్యూరీ కెమెరా ముందు నిలిచింది అదే చివరిసారి. చాలామంది ఇదీ ఆయన వీడ్కోలు పాట అనుకొంటారు. ప్రధానంగా రాసింది రోజర్ టేలర్. ముఖంలో వ్యాధి తెలియకుండా నలుపు తెలుపుల్లో విడుదల చేశారు. ఆ రోజు మే అమెరికాలో ఉన్నాడు. ఆయన దృశ్యాలను తరువాత తీసి జతచేశారు. నలుగురూ ఒకచోట ఉన్నట్టు కనిపించేది కూర్పులో చేసిన పనే.

నవంబరు 23న మెర్క్యూరీ పేరుతో ఒక ప్రకటన వెలువడింది. తనకు ఎయిడ్స్ ఉందని, తన చుట్టూ ఉన్నవారి ఏకాంతం కాపాడటానికే ఇంతకాలం చెప్పలేదని దాని తాత్పర్యం. నాలుగేళ్లపాటు ‘మేము’గా నడిచినదానికి అక్కడ ‘నేను’ అనే మాట వచ్చింది. అదే ప్రకటన చివర, ఈ వ్యాధి మీద పోరులో తనతోను, వైద్యులతోను అందరూ కలవాలని కోరింది. తెలుగు చేస్తే ఆ వాక్యానికి ‘మనం’ తప్ప వేరు మాట సరిపోదు. మరునాడే, 1991 నవంబరు 24న, లండన్‌లోని ఇంట్లో కన్నుమూశాడు. వయసు 45. అంత్యక్రియలు పార్శీ పూజారుల చేతుల మీదుగా జొరాస్ట్రియన్ పద్ధతిలో జరిగాయి. వేదిక మీద తన పుట్టుపూర్వోత్తరాల ఊసు ఎత్తని మనిషి ఆఖరున తాతల భాషలోని మంత్రాలతో వెళ్లాడు.

భారతదేశంలో ఈ వ్యాధి తొలి కేసులు బయటపడింది 1986లో, మద్రాసులో, డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల చేసిన పరీక్షల వల్ల. ప్రభుత్వం ఉచితంగా మందులు ఇవ్వడం 2004లో మొదలైంది. ఆ మధ్య పద్దెనిమిదేళ్లలో మన ఊళ్లలోనూ ఎన్ని ఇళ్లు తలుపులు మూసుకొని ‘మాకేమీ లేదు’ అన్నాయో లెక్క లేదు. ఆ ‘మాకు’ కూడా వినేవారిని కలుపుకోనిదే.

మిగిలిన ముగ్గురూ ఆ టేపుల మీద తరువాత పనిచేశారు. అవి చాలవు కనుక మెర్క్యూరీ 1985 నాటి సొంత ఆల్బమ్‌లోని పాటలు రెంటికి కొత్తగా వాద్యాలు చేర్చారు. ఇంకా పాత ముక్కలు కొన్ని వెదికి తీశారు. 1995 నవంబరు 6న ‘మేడిన్ హెవెన్’ వెలువడింది. పైకి చూస్తే మామూలు ఆల్బమే. ఎక్కడ గొంతు ముగిసి ఎక్కడ స్నేహితుల పని మొదలైందో చెప్పడం చెవికి కష్టం. 1997లో ముగ్గురూ కలిసి మరొక్క పాట రికార్డు చేశారు. ఆ తరువాత డీకన్ విరమించుకొన్నాడు. 2022 అక్టోబరులో ‘ఫేస్ ఇట్ అలోన్’ అనే పాట వెలువడింది. అది 1988లో, ‘ది మిరకిల్’ పనిలో మెర్క్యూరీ పాడి పక్కన పెట్టింది. షోలాపూరు విద్యార్థిని అప్పటికి చదువు ముగించి ఉద్యోగంలో ఉంది. పాట వచ్చిన వారానికే ఫోను చేసి, దీన్ని రాసింది ఎవరండీ అని అడిగింది. రికార్డు మీద క్వీన్ అనే ఉందమ్మా అన్నాము.