కంచె చేను మేయునా?

నేరేడ్‌మెట్ అను పేరు పలుకగానే నేరేడును, మెట్టయు చెవిని బడును. 2007లో మల్కాజిగిరి పురపాలక సంఘముతోపాటు ఈ ప్రాంతము గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో చేరినది. నేడచట ఇంటికిని ఇంటికిని నడుమ గోడయే యెల్ల. ఊరు దాటి పొలములకు బోయినను రాతికడీలు, ఇనుపతీగెలే యెదురగుచున్నవి. ఎల్లయనగా ప్రాణములేని వస్తువని మనకు అలవాటైపోయినది.

పూర్వపు వాడుక వేరు. మెట్టచేల గట్లపై వావిలి, తంగేడు, రేగు, వాక్కాయ, కానుగ పెరిగెడివి. వావిలాకు కాపడమునకు, కానుగాకు ఎరువునకు, తంగేటిపట్ట తోళ్ల పరిశ్రమకు, వాక్కాయ పచ్చడికి పనికివచ్చెడివి. ఆ పొదలు జెముడుకాకికి, ముంగిసకు ఇండ్లు. వాని పూవులు తేనెటీగలకు భిక్ష. పేనుబంకను దిను అక్షింతలపురుగులకు పంట లేని నాళ్లలో ఆశ్రయ మచటనే. గాలివేగ మణగును, వాననీట మట్టి కొట్టుకొనిపోదు.

అయినను మొలచిన ప్రతికంపయు మేలుచేయునని మేము చెప్పము. అన్యదేశమునుండి వచ్చిన నాగజెముడు కంచెగా దక్షిణదేశమెల్ల నల్లుకొని బీళ్లను, పొలములను ఆక్రమించెను. 1926లో సింహళమునుండి కొచినీలు జాతి పురుగును తెచ్చి విడిచిన పిదపగాని యది యణగలేదు. అంతకు పూర్వమే, 1877లో, జమైకా విత్తనములతో కడపజిల్లా కమలాపురమున సర్కారుతుమ్మను నాటిరి. అది బీదలకు వంటచెరకు నిచ్చిన మాట నిజము. చెరువులను, బంజరులను కమ్ముకొని పసరికను అణచినదియు నిజము. కంచె చేను మేయుట యన నిదియే!

దోషము కంచెది కాదు, ఎంపికది. గట్టు ఇరుకు, నీడకు పైరు క్రుంగునని రైతు జంకుట సహజమే. అందుకే చెట్లు గాక పొదలు కావలెను. అవియును ఈ నేల యెరిగినవి, పలుజాతులవి, ఏటేట నరకి అదుపులో నుంచదగినవి కావలెను. 2014లో తెలంగాణము రాష్ట్రపుష్పముగా గౌరవించిన తంగేడు, బతుకమ్మనాడు మాత్రమే మనకు జ్ఞప్తికి వచ్చిన చాలునా?

పట్టణమున నుండియు పల్లెలో నాలుగెకరములు గల చదువరులు మనలో పెక్కుండ్రు. కౌలుదారునితో శిస్తుమాట యాడునపుడు గట్టుమాటయు ఆడుడు. తీగె కొనుటకు వెచ్చించు సొమ్ములో కొంత మొక్కలకు, వాని తొలి రెండేండ్ల సంరక్షణకు ఇండు. తీగె ఏటేట తుప్పుపట్టును. పొద ఏటేట చిగిర్చును.